రెండొందల మైళ్ళ అవతల

చేప తరిగిపోయిందని ముప్ఫై ఏళ్ళకు పైగా మూసి ఉంచిన కాడ్ చేపల వేటను ప్రభుత్వం మళ్ళీ తెరిచిందన్న కబురు మాకు ప్లాంటులో, భోజనాల గదిలో తెలిసింది. జూన్ నెలాఖరు. పీతల పని ముగింపుకొచ్చింది. గోడమీద టీవీలో ఎవరో అధికారి మాట్లాడుతుంటే మా లైన్ సూపర్‌వైజర్ బెర్నడెట్ లేచి వెళ్ళి సౌండ్ పెంచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా ఎదురుగా కూర్చున్న పెద్దావిడ శాండ్‌విచ్ కాగితంలో మళ్ళీ చుట్టేసి, కిటికీలోంచి జెట్టీ వైపు చూస్తూ ఉండిపోయింది. వేట మూసేసిననాడు ఆవిడ ముగ్గురు అన్నదమ్ములూ ఊరొదిలి వెళ్ళిపోయారు. ఒక్కడూ తిరిగి రాలేదు.

"తెరిచింది మనకొక్కళ్ళకే కాదు," అంది బెర్నడెట్, టీవీ కట్టేసి. "రెండొందల మైళ్ళకి మన హద్దు అయిపోతుంది, దాని అవతల యూరప్ ఓడలున్నాయిగా. ఇక్కడ తలుపు తీస్తే అక్కడా తీసినట్టే. ఒప్పందం అట్లా ఉంది."

న్యూఫౌండ్లాండ్ దీవిలో సెయింట్ జాన్స్ నగరం నుంచి నాలుగు గంటలు కారులో వెళ్తే వచ్చే ఊరు టిల్లీస్ కోవ్. కొండరాళ్ళ మధ్య ఓ చిన్న అఖాతం, దాని చుట్టూ రంగురంగుల చెక్క ఇళ్ళు, సగానికి పైగా తాళాలు. మా ఆయన చక్రధర్ అక్కడి చేపల ప్లాంటులో రిఫ్రిజిరేషన్ మెకానిక్. విన్నిపెగ్‌లో చదువుకునేటప్పుడు మాకు పరిచయం, అక్కడే పెళ్ళి. ఎవరూ రానన్న ఉద్యోగమైతే పీఆర్, అంటే ఇక్కడే ఉండిపోయే అనుమతి, తొందరగా వస్తుందని ఆ మూలకి వచ్చాం. నేను ప్యాకింగ్ లైన్‌లో చేరాను. మా అమ్మాయి సాత్విక అక్కడి బళ్ళోనే అక్షరాలు నేర్చుకుంది.

చక్రిది కరీంనగర్ దగ్గర మెట్ట ఊరు. ఇంజనీరింగ్‌లో చేరేదాకా సముద్రమే చూడలేదు. నేను సముద్రపుటొడ్డున పూడిమడకలో పుట్టాను. మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు. కాబట్టి ఆ ఊరు నాకు నచ్చుతుందనీ, తను నా కోసం సర్దుకుపోతాడనీ ఇద్దరం అనుకున్నాం. మొదటి రెండేళ్ళూ అలాగే ఉంది కూడా.

కాడ్ కబురొచ్చిన వారమే సముద్రానికి దూరంగా, దేశం లోపలున్న ఒషావా నుంచి చక్రి మేనబావ యోగానంద్ ఫోన్ చేశాడు. తను పనిచేసే పెద్ద కోల్డ్ స్టోరేజీలో మెకానిక్ పోస్టు ఖాళీ అవుతోందట.

"అక్కడ తెలుగోళ్ళు మస్తుమంది ఉన్నరు సూర్యా," అన్నాడు చక్రి ఫోన్ పెట్టేసి. "పిల్లకు దోస్తులుంటరు. అక్టోబర్ దాకా టైమిచ్చిండు బావ."

"నువ్వేమంటావు?"

"సీజన్ అయిపోనీ. కాడ్ వచ్చిందంటే ప్లాంట్ ఏడాదంతా నడుస్తదేమో. అప్పుడు చూద్దాం."

పెద్ద తలుపు దగ్గర కూర్చుని బూట్లు విప్పుకుంటున్న సాత్విక తలెత్తకుండానే, "ఐ యామ్ నాట్ మూవింగ్," అంది. ఆ సంభాషణ అక్కడితో ఆగిపోయింది.

జులైలో కేప్లిన్ వచ్చింది. వేలెడు పొడవు వెండి చేపలు గుంపులు గుంపులుగా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి కొట్టుకొస్తాయి. అల వెనక్కి పోయినప్పుడల్లా గులకరాళ్ళ మీద చేపలు మిలమిలా గిలగిలా. ఊరు ఊరంతా బకెట్లతో అక్కడే. మా పక్కింటి లియో కూడా వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి, భార్య పోయాక ఒక్కడే ఉంటాడు. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి చేతివలతో తోడి పిల్లల బకెట్లలో పోస్తున్నాడు.

నేను చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగాను. ఎముకలు కొరికే చలి. దోసిట్లో పదో పన్నెండో చేపలు. వాసన చూశాను. మా ఊళ్ళో నెత్తళ్ళు పడ్డ రోజు ఒడ్డంతా ఇదే వాసన. అమ్మ ఇసకలో పాత వల పరిచి వాటిని ఎండబెట్టేది. కాకుల్ని తోలడం నా పని. ఆ ఇసక ఇప్పుడు లేదు, సముద్రం లోపలికొచ్చేసింది. అమ్మా లేదు. దోసిలి ఒంచేయబుద్ధి కాక అలాగే నిలబడ్డాను.

"ఏమాలోచిస్తున్నవ్?" అన్నాడు చక్రి.

"పులుసు పెట్టాలా, వేపుడు చెయ్యాలా అని."

అతను నవ్వి లియో వైపు వెళ్ళాడు. ఈమధ్య అతని నడక అటే. ప్లాంటు ఐస్ మిషన్ బాగుచేస్తూ పడవల వాళ్ళందరికీ దగ్గరయ్యాడు. లియో అతన్ని చక్ అని పిలుస్తాడు. ఆ దీవిలో అమ్మకపు వేట మూసి ఉన్న రోజుల్లోనూ వేసవి వారాంతాల్లో ఎవరైనా ఇంటికూరకి నాలుగు కాడ్ చేపలు పట్టుకోవచ్చు. లియో చిన్న పడవలో చక్రిని ఎక్కించుకెళ్ళేవాడు. మొదటిసారి పడవ అంచు మీద వేలాడుతూ వాంతులు చేసుకుంటూనే వచ్చాడు. ఆపైవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ వేసవికల్లా గాలిమళ్ళడం ముఖం మీదే పసిగట్టేవాడు. గాలం దారం వేలికి చుట్టుకుని, అడుగున చేప తాకినప్పుడు ఎలా ఉంటుందో సాత్వికకి చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. మా నాన్న మాట్లాడినట్టే ఉంది, యాస ఒక్కటే వేరు.

జులై చివర్లో బెర్నడెట్ ఊరి హాల్లో మీటింగ్ పెట్టింది. యూరప్ పార్లమెంటులో చేపలవేట సంగతులు చూసే కమిటీ వాళ్ళు కొందరు సెయింట్ జాన్స్ వస్తున్నారట. ఓ పూట ఏదైనా వేట ఊరు చూస్తామన్నారట. వేటగాళ్ళ యూనియన్ వాళ్ళు మా ఊరి పేరు ఇచ్చారు.

"ఏం అడుగుదాం?" అంది బెర్నడెట్.

ఒకతను ప్లకార్డులు పట్టుకుని రోడ్డుకడ్డంగా నిలబడదామన్నాడు. ఇంకొకామె ఇక్కడి ఖాళీ ఇళ్ళన్నీ వరసగా నడిపించి చూపిద్దామంది. కొందరు అనవసరం అన్నారు. లియో అందరి మాటా విని, "వాళ్ళు మన గడపలోకొస్తున్నారు. ముందు అన్నం పెడదాం. తర్వాత అడుగుదాం," అన్నాడు. చివరికి అడగాల్సింది ఒక్కటే అని తేలింది: కొన్నేళ్ళపాటు మీ ఓడలు ఈ కాడ్ జోలికి రావద్దు, మీ వాటా నీళ్ళలోనే వదిలెయ్యండి, మందని పెరగనివ్వండి.

ఆ విన్నపాన్ని టైపు చేసిపెట్టే పని నాకప్పగించారు. ఆగస్టంతా పని దిగగానే బెర్నడెట్ ఇంటికి వెళ్ళేదాన్ని. ఆమె చెప్పేది, నేను కొట్టేదాన్ని, ఇద్దరం కలిసి కొట్టేసేవాళ్ళం. చక్రి ఇంట్లో వంట చేసేవాడు. చాలా ఏళ్ళ తర్వాత నాకు పొద్దున్నే లేవాలనిపించిన రోజులవి.

"నీకు నమ్మకముందా?" అనడిగాడు ఓరోజు, ప్లేట్లు కడుగుతూ.

"వాళ్ళంతట వాళ్ళు వస్తున్నారు చక్రీ. వినాలని లేకపోతే ఇంతదూరం ఎందుకొస్తారు?"

మా చిన్నప్పుడు పూడిమడకకీ ఒకసారి అధికారులు వచ్చారు. పెద్ద మరబోట్లు ఒడ్డు దగ్గరికొచ్చి గీకేస్తుంటే తెప్పలవాళ్ళు గొడవచేశారు. ఊరివాళ్ళు షామియానా వేసి, కుర్చీలు తెప్పించి, కొబ్బరినీళ్ళిచ్చారు. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. అధికారులు పరిశీలిస్తామని చెప్పి వెళ్ళారు. నాన్న ఎదురుచూశాడు. తర్వాత ఒక కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. సముద్రానికి వీపు పెట్టి కుర్చీలో కూర్చునేవాడు. ఆ మాట చక్రికి ఆరోజే మొదటిసారి చెప్పాను. అతను గిన్నె పక్కనపెట్టి, తడిచేతుల్తోనే నా పక్కన కూర్చున్నాడు.

ఆగస్టు చివర్లో వాళ్ళొచ్చారు. పొగమంచులోంచి మినీబస్సు మెల్లగా కొండదిగింది. ఏడెనిమిది మంది ఉంటారు, అనువాదం చేసేవాళ్ళతో కలిపి. హాల్లో బల్లల నిండా తిండి: చేప కేకులు, ఉప్పుచేప, బెర్రీ పళ్ళు కూరిన తీపి రొట్టె, నేను చేసిన కాడ్ వేపుడు. వాళ్ళు మొహమాటపడకుండా తిన్నారు. కారం తగిలి ఒకాయన దగ్గితే హాలంతా నవ్వింది. అంతా బాగానే ఉంటుందనిపించింది.

బెర్నడెట్ చక్కగా మాట్లాడింది. ఆ తర్వాత వాళ్ళలో ఒకతను మర్యాదగానే అడిగాడు: "మీ సొంత దేశపు పెద్ద ఓడలకి కూడా ఈసారి వాటా ఇచ్చారు కదా. మీరు మమ్మల్నే ఎందుకు ఆగమంటున్నారు?"

"వాళ్ళతోనూ పోట్లాడుతున్నాం," అంది బెర్నడెట్. "ఈరోజు మీరొచ్చారు కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నాం."

తర్వాత లియో లేచాడు. ఏం చెప్పాలో ఇంటిదగ్గర నాలుగుసార్లు మాకు చెప్పి చూపించాడు. కానీ అక్కడ నిలబడేసరికి వరస తప్పింది. వేట మూసేసిన ఏడాది గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపాడు. టోపీ చేతిలో తిప్పుతూ కాసేపు నిలబడ్డాడు. చక్రి ముందుకు వంగి ఏదో అందించబోయాడు. లియో తల అడ్డంగా ఊపాడు.

"మా ఆవిడ ఆ కొండమీద ఉంది," అన్నాడు. "నన్నూ అక్కడే పెట్టమన్నాను. ఇక్కడ శవప్పెట్టె మొయ్యడానికి ఆరుగురు కావాలి. పోయిన చలికాలం ఈ ఊరి టెడ్ పోతే ఆరుగురు దొరకలేదు. ఆడవాళ్ళు పట్టారు, చక్ పట్టాడు. నేను పొయ్యేనాటికి ఊళ్ళో ఆరుగురు ఉండాలి. నేనడిగేది అంతే."

కూర్చున్నాడు. మాకైతే నలుగురు చాలు, వీళ్ళకి ఆరుగురు కావాలి అనుకున్నాను, ఎందుకో అదే తోచింది. అనువాదం చేసే అమ్మాయి చివరి మాట చాలా మెల్లగా చెప్పింది. కమిటీ పెద్దాయన లేచి, మీ మాటలు మమ్మల్ని కదిలించాయి, మీ అభిప్రాయాలను పూర్తిగా నివేదికలో పొందుపరుస్తాం అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడంలేదు. కానీ ఆ వాక్యం నాకు తెలుగులో వినిపించింది. షామియానా కింద.

టీ ఇచ్చే సమయంలో వాళ్ళలో ఒకామె నా దగ్గరకొచ్చింది. పేరు సబేలా. స్పెయిన్‌లో వాయవ్య మూల గలీషియా అనే ప్రాంతం నుంచి ఎన్నికైన మనిషి, నా వయసే ఉంటుంది. "నీళ్ళదాకా తీసుకెళ్తారా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

జెట్టీ చివరిదాకా నడిచాం. మంచు విడిపోతోంది. ఆమె కోటు బొత్తాలు పెట్టుకోకుండా అలాగే నిలబడింది.

"మీరు ఈ ఊరివాళ్ళు కాదు కదా?"

"కాదండీ. ఇండియా. కానీ మాదీ వేటకెళ్ళే ఇల్లే."

"మాదీ," అంది. "మా నాన్న ఈ నీళ్ళలోనే పనిచేశాడు. పెద్ద ఓడ. నెలలకి నెలలు. వచ్చినప్పుడు ఎవరో కొత్తమనిషిలా ఉండేవాడు. నేను మంచం కింద దూరేదాన్ని. మళ్ళీ వెళ్ళిపోయాక ఏడ్చేదాన్ని. అమ్మ పటంలో ఈ చోటు చూపించేది. ఆయనకి ఇక్కడ ఇంకో ఇల్లుంది, ఇంకో కూతురుంది అనుకునేదాన్ని. ఆ పిల్ల ఎంత అదృష్టవంతురాలో అని. ఈ ఒడ్డు చూడాలని చిన్నప్పట్నుంచీ కోరిక."

నీళ్ళ మీద ఒక పక్షి కూర్చుని లేచింది. ఇప్పుడు అడగకపోతే ఇంక అడగలేనని అడిగేశాను.

"లియో చెప్పింది అక్కడ చెప్తారా?"

"చెప్తాను. ఒక్క ముక్క వదలకుండా చెప్తాను." నా వైపు తిరిగింది. "ఆ తర్వాత మా ఓడల వైపే ఓటేస్తాను. మీరిక్కడ అన్నం పెట్టారు కాబట్టి మీకు అబద్ధం చెప్పను. మా రేవులోనూ సగం ఇళ్ళు మూసే ఉన్నాయి. నన్ను గెలిపించింది వాళ్ళు. వాళ్ళ పెట్టెలు మొయ్యడానికీ మనుషులు కావాలి."

కోపం వస్తుందేమోనని చూసుకున్నాను. రాలేదు. అంతదూరం వచ్చి ఆమె వింది, నిజంగానే వింది. వినడానికి మించి ఆమె చేతిలో ఏమీ లేదు. ఆమె వెళ్ళి పడవ కట్టే గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. బస్సు హారన్ కొట్టేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం.

ఇంటికొస్తుంటే చక్రి ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "లియో మాటకు అందరూ కదిలిపోయిన్రు, చూసినవా? ఆ పెద్దాయన కండ్లు తుడుచుకున్నడు. ఏమన్నా ఐతది సూర్యా. నాకైతే నమ్మకం కుదిరింది."

"ఒషావా పోస్టు ఇంకా ఉందా?"

అతనికి మొదట అర్థం కాలేదు.

"బావకి ఫోన్ చెయ్యి చక్రీ. వస్తున్నామని చెప్పు."

రోడ్డు పక్కన రాతి మీద కూర్చుండిపోయాడు. "నువ్వేనా అంటున్నది?" అన్నాడు. "సముద్రం లేకుంటే ఉండలేనన్నది నువ్వు. నేను ఇప్పుడిప్పుడే కదా..."

ఒక ఊరు ఇలా మెల్లగా వెనక్కి తగ్గుతూ ఉంటే ఎదురుచూస్తూ కూర్చునేవాళ్ళు ఏమవుతారో నేను ఒకసారి చూశాను. చక్రిని మా నాన్నలా అలా కుర్చీలో చూడలేను. అంతే. ఆ మాట పైకి అనలేదు. అతని పక్కన రాతి మీద నాకూ చోటుంటే కూర్చున్నాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు, చెయ్యి నిండా చేపల వాసన.

సెప్టెంబర్ మధ్యలో నివేదిక వచ్చింది. టిల్లీస్ కోవ్ ప్రజల ఆతిథ్యానికి కృతజ్ఞతలు అని ఒక పేరా. లియో మాట ఇంచుమించు అన్నది అన్నట్టే రాశారు. వాటా మాత్రం మారలేదు. ప్లాంటు యజమాని కాడ్ కోత పనిని పై ఊరిలో ఉన్న తన ఇంకో ప్లాంటుకి మళ్ళించాడు. మాకు పీతలే అన్నాడు, అదీ వచ్చే ఏడు చూద్దామన్నాడు. బెర్నడెట్ నివేదికలో ఆ పేజీని నవ్వుతూనే చదివి వినిపించింది. "పేరన్నా సరిగ్గా రాశారు," అంది. ఆమె మర్నాడే ఇంకో మీటింగ్ పెట్టింది. మూడో నాడు యూనియన్ వాళ్ళకి ఫోన్ చేసింది. ఆమె అలసిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఊరొదిలి వెళ్తున్నామని తెలిశాక సాత్విక వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకనాడు వచ్చి, "డస్ ఒషావా హ్యావ్ ఎనీ వాటర్?" అనడిగింది. పెద్ద చెరువుంది, అవతలి ఒడ్డు కనబడనంత పెద్దది అని చెప్పాను. "ఈజ్ ఇట్ సాల్టీ?" అంది. కాదన్నాను. సరే అని తల ఊపి వెళ్ళి తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంది.

అక్టోబర్ మొదట్లో బయల్దేరాం. ఆ పొద్దున లియో ఇంట్లో లేడు. పడవా లేదు. వీడ్కోలు చెప్పడం ఇష్టంలేక సముద్రం మీదకి పోయుంటాడంది బెర్నడెట్. చక్రి జెట్టీ చివర నిలబడి చూశాడు. అఖాతం మొగలో ఎక్కడో ఓ తెల్లచుక్క. చెయ్యి ఎత్తి ఊపాడు. ఆ చుక్క ఊపిందో లేదో అంతదూరం తెలియలేదు. కారు నేనే నడిపాను. కొండెక్కి ఊరు కనుమరుగయ్యేటప్పుడు అతను వెనక్కి తిరిగి చూడలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. వెనకసీట్లోంచి సాత్విక చెయ్యి చాపి వాళ్ళ నాన్న మెడ మీద వేసింది, దీవి దాటించే ఫెర్రీ ఓడ దాకా తియ్యలేదు.

ఒషావాలో మా ఇల్లు బాగుంది. ఎదురింట్లో కనకదుర్గ ఆంటీ వాళ్ళు, వీధి చివర ఇంకో రెండు తెలుగు ఇళ్ళు. సాత్వికకి స్పందన అనే స్నేహితురాలు దొరికింది. చక్రికి పని తేలిక, జీతం నయం. ఆదివారాలు చెరువు ఒడ్డుకి వెళ్తాం. అల వస్తుంది, నురగ వస్తుంది. వాసన రాదు. మేం ముగ్గురం దాని గురించి మాట్లాడుకోం.

ఈ జూన్‌లో ఒకరోజు పొద్దున నేను టీ పెడుతుంటే చక్రి షిఫ్టుకి తయారై, వంటింటి బల్ల దగ్గర ఫోన్ చూస్తూ కూర్చున్నాడు. వార్తలేమో అనుకున్నాను. అతను తనలో తనే చదువుకుంటున్నాడు.

"ఈశాన్యం గాలి. వేగం ముప్ఫై నాట్లు. మధ్యాహ్నం నుంచి పొగమంచు."

ఇక్కడిది కాదు. అక్కడి నీళ్ళది. ప్రతి పొద్దునా చూస్తున్నాడని అప్పుడు తెలిసింది. టీ కప్పు అతని ముందు పెట్టాను.

"అయితే ఇవాళ లియో వెళ్ళడు," అన్నాను.

"వెళ్ళడు," అన్నాడు. "ముప్ఫైలో ఏం పోతడు."

మెట్ల మీద బడికి తయారై నిలబడ్డ సాత్విక, "హీ విల్ గో," అంది. "యూ బోత్ నో హిమ్."

ముగ్గురం కిటికీలోంచి బయటికి చూశాం. గాలి లేదు. ఎదురింటి మేపుల్ చెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు.